పద్నాలుగు రోజుల అతుకు

మత్తు దిగని పిల్లిని
తువ్వాలుతో సహా నా ఒళ్ళో పెట్టి
డాక్టర్ కింగా చెప్పింది:
"రోజుకు రెండుసార్లు చూడండి, ముట్టుకోకండి.
నాకనివ్వకండి. గెంతనివ్వకండి.
పద్నాలుగు రోజులు."
తలూపాను.
గ్దీనియా ఓడల యార్డులో ముప్ఫై ఏడేళ్ళు
అతుకులు చూసి సంతకం పెట్టినవాణ్ణి.
నాకా చెప్పడం?

దాని పేరు శ్రూబా. మా భాషలో మరమేకు.
గిడ్డంగి వెనక మరమేకుల డబ్బాలో దొరికింది,
అరచేతిలో ఇమిడేంత, ఒళ్ళంతా గ్రీజు.
పిల్లికి బిచ్చం పెట్టడని
యార్డంతా పేరుమోసిన నేను
ఆ మధ్యాహ్నం నా హెర్రింగ్ చేపలో సగం ఇచ్చాను.
మిగతా సగం అదే తీసుకుంది.

బొచ్చు గొరిగిన పొట్ట
ఉడికించి ఒలిచిన బంగాళాదుంప.
నడుమ వేలెడు గీత.
ఒకప్పుడు ఓడ అడుగున వెల్లకిలా పడుకున్నవాణ్ణి
ఇప్పుడు వంటగది నేల మీద బోర్లా పడుకుని
టార్చి వేశాను.
పాత రిజిస్టరులో మిగిలిన పేజీలున్నాయి, రాశాను:
మొదటి రోజు, ఉదయం ఆరు.
అంచులు కలిసి ఉన్నాయి. కొంచెం గులాబి.
తడి లేదు. వాసన లేదు.
సాయంత్రం ఆరు. పై విధంగానే.

మెడకు ప్లాస్టిక్ గరాటు.
తలుపుకి కొట్టుకుని, కుర్చీకాలికి కొట్టుకుని,
తన గిన్నెకే కొట్టుకుని ఆగిపోయేది,
రాత్రికి రాత్రి ఎవరో ఇల్లు ఇరుకు చేసినట్టు.
కుర్చీలు వరండాలోకి గెంటాను.
మంచం విప్పి పరుపు నేల మీద పరిచాను.
పై అంతస్తు యాద్విగ తొంగిచూసి
"ఇల్లు ఖాళీ చేస్తున్నావా?" అంది.

నాలుగో రాత్రి
గీత కింది కొసన ఎరుపు.

యార్డులో అనుమానపు అతుకు మీద
ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లేవాళ్ళం.
తెలుపులోకి ఎరుపు ఊరిందా, పగులే.
సుద్దతో సున్నా చుట్టేవాణ్ణి.
చెయ్యి వణికేది కాదు,
అతికినవాడు నా సొంత తమ్ముడైనా.

రాత్రి రెండింటికి
అది గరాటులో గుర్రుపెడుతుంటే
ఈ గోడ నుంచి ఆ గోడకి
కాలుగాలిన పిల్లిని నేనే.

ఫోనులో కింగా గొంతు, సగం నిద్ర:
"చీముందా? వేడిగా ఉందా? తింటోందా?"
లేదు. లేదు. నా వాటా కూడా తింది.
"ఫొటో పంపండి."
పంపాను.
ఒక నిమిషం. ఇంకో నిమిషం.
రేవులో ఏదో ఓడ కూత.
"ఎండిన నెత్తురు, అంతే.
పొద్దున తీసుకురండి, ఒకసారి చూస్తాను. గరాటు ఇంకాస్త బిగించండి.
లోపలి కుట్టు గట్టిగానే ఉంటుంది,
ఆ దారం కొన్నాళ్ళకి కరిగిపోతుంది లెండి."
కరిగిపోతుందా!
"కరగాలి."
మరి పట్టి ఉంచేది ఏది?
ఆవలించింది.
"పిల్లే," అంది.

ఈ ముక్క ఏ గడిలో రాయాలో తెలియలేదు.
అతికినది కరిగిపోయాక నిలిచే అతుకు
నా సుద్ద కిందికి
ఒక్కటీ రాలేదు.

ఇంకోటి కూడా రాయలేదు.
మార్చి రాత్రుల్లో అది
కిటికీ అద్దానికి పొట్ట ఆనించి పిలిచిన పిలుపు.
కింద పార్కింగులోంచి జవాబులు.
దాన్ని ఎవరూ అడగలేదు.
కాగితం మీద సంతకం నాది.

పద్నాలుగో రోజు గరాటు ఊడదీశాం.
గీత ఉన్నచోటే, అక్కడే,
అరగంట నాకింది.
నా తనిఖీ మీద తన తనిఖీ.
నా ముఖం చూడకుండా మెట్లెక్కి
యాద్విగ గడప ముందు పడుకుంది.

ఇప్పుడు రాత్రుళ్ళు పైనే ఉంటోంది.
పొద్దున ఆరింటికి మాత్రం దిగివస్తుంది,
చేప కోసమే లెండి.
వంటగది నేల మీద వెల్లకిలా దొర్లుతుంది.
మోకాళ్ళు పట్టేసినా వంగుతాను, టార్చి తడుముకుంటాను.
కొత్త బొచ్చు, పాతదానికన్నా మెత్తన.
గీత ఎక్కడో.
రిజిస్టరు తెరిచి రాస్తాను:
కనబడలేదు.